మందుల కోర్సు అయిపోయినా గొంతు రాకపోతే: మళ్ళీ మాత్రలా, పరీక్షా, థెరపీనా?

గొంతులో ఫంగస్ అన్నారు. మందు వాడారు. నాలుక మీద తెల్లటి పూత పోయింది, మంట తగ్గింది. కానీ గొంతు బొంగురుగానే ఉంది. సాయంత్రానికి మాటే రావడం లేదు. గుటక వేస్తే ఏదో అడ్డం పడుతున్నట్టే ఉంది. నెల దాటింది. ఇప్పుడు మీ ముందు చాలా దారులు కనిపిస్తాయి. అదే మాత్ర మళ్ళీ వాడటం, మందు మార్చడం, గొంతులోకి కెమెరా వేయించుకోవడం, ఎండోస్కోపీకి వెళ్ళడం, స్పీచ్ థెరపిస్ట్‌ని కలవడం, లేదంటే ఇంకొన్నాళ్ళు చూద్దాంలే అని ఊరుకోవడం.

నేను వీటిలో మొదటిదాన్నే మూడుసార్లు ఎంచుకున్నాను. ఆయాసానికి స్టెరాయిడ్ ఇన్హేలర్ వాడుతున్న రోజుల్లో గొంతులో క్యాండిడా అనే ఫంగస్ వచ్చింది. నాలుగు నెలల్లో ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మాత్ర మూడు కోర్సులు మింగాను. మూడుసార్లూ నోరు తెరిపించి, టార్చ్ వేసి చూసి, మందు రాశారు. స్వర తంత్రులు టార్చ్ వెలుగుకి కనిపించవని, అవి నాలుక వెనక మలుపు తిరిగి కింద ఉంటాయని నాకు అప్పుడు తెలియదు. అంటే నాలుగు నెలలపాటు నా మాట ఎక్కడ పుడుతుందో ఆ చోటుని ఎవరూ చూడలేదు.

అందుకే ఈ పోలిక రాస్తున్నాను. చాలామంది "ఏ మందు మంచిది" అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. అంతకన్నా ముందు తేలాల్సింది ఒకటుంది. ఫంగస్ ఇంకా ఉందా? పోయి, దెబ్బ మిగిలిందా? లేక మొదటినుంచీ అసలు కారణం వేరే ఉండి, ఫంగస్ దాని పక్కన చేరిందా? ఈ మూడింటికీ లక్షణాలు దాదాపు ఒకటే, చికిత్సలు మాత్రం పూర్తిగా వేరు. మొదటిదానికి మాత్ర కావాలి. రెండోదానికి మాత్ర ఎన్నిసార్లు వేసుకున్నా ఉపయోగం లేదు. మూడోదానికి మాత్ర వాడుతూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది.

మీ ఇబ్బంది ఏ తరహాదో ముందు గమనించండి

మింగడంలో ఇబ్బంది అనే మాట కింద కనీసం నాలుగు వేర్వేరు బాధలు ఉన్నాయి. నీళ్ళు తాగితే పొలమారడం, గుటక తర్వాత మాట తడితడిగా గరగరలాడటం, ముక్కులోకి ఎగదన్నడం, ఇవి గొంతు భాగంలో సమన్వయం తప్పినదానికి గుర్తులు. గుటక బాగానే పడి, కొన్ని క్షణాల తర్వాత ఛాతీలో ముద్ద ఆగిపోయినట్టుంటే అది అన్నవాహిక సంగతి. గుటక వేసినప్పుడల్లా ఎదురురొమ్ము వెనక నొప్పి అంటే అన్నవాహికలో పుండో, వాపో, ఇంకా మిగిలిన ఫంగసో ఉండవచ్చు. నాలుగోది విచిత్రంగా ఉంటుంది. ఊరికే ఉన్నప్పుడు గొంతులో ఉండ ఉన్నట్టు అనిపిస్తుంది, తింటున్నప్పుడు మాత్రం హాయిగా దిగిపోతుంది. దాన్ని గ్లోబస్ అంటారు. టెన్షన్, గొంతు కండరాల బిగువు, పదేపదే గొంతు సవరించుకోవడం దాన్ని పెంచుతాయి. అక్కడ నిజంగా అడ్డం ఏమీ ఉండదు. అలాగని అది ఊహ కాదు, బాధ నిజమే.

ఒక జాగ్రత్త. ఎక్కడ అడ్డుపడుతోందో చూపించమంటే మన వేలు తప్పు చోటు చూపించవచ్చు. అన్నవాహిక అడుగున ఉన్న అడ్డంకి కూడా గొంతు దగ్గరే తగిలినట్టు అనిపించడం మామూలే. ఛాతీలో ఆగినట్టుందని చెప్పేవారి మాట దాదాపు నమ్మవచ్చు, గొంతులో ఆగిందని చెప్పేవారి విషయంలో కిందిదాకా చూడాలి. ఇంకో గుర్తు కూడా ఉపయోగపడుతుంది. గట్టి పదార్థాలు మాత్రమే అడ్డుపడుతుంటే దారి ఇరుకైందని అనుమానించాలి. గట్టివీ ద్రవాలూ రెండూ మొదటినుంచీ ఇబ్బంది పెడుతుంటే అన్నవాహిక కదలికలో లోపం చూడాలి.

ఏ పరీక్ష ముందు?

మాట పోయి 4 వారాలు దాటితే గొంతులోకి కెమెరా, అంటే లారింగోస్కోపీ. నా దృష్టిలో ఇందులో రెండో మాట లేదు. బొంగురు గొంతు గురించి అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ గడువే చెబుతాయి. తీవ్రమైన కారణం ఉందన్న అనుమానం వస్తే ఆ 4 వారాలు కూడా ఆగనక్కర్లేదు. ముక్కులో మొద్దుబారే స్ప్రే కొట్టి సన్నటి గొట్టం పంపుతారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి తప్ప నొప్పి లేదు, కొద్ది నిమిషాల్లో అయిపోయింది. తంత్రుల మీద తెల్లటి మచ్చలున్నాయా, ఎర్రగా వాచాయా, రెండూ సరిగ్గా కలుస్తున్నాయా, ఒకటి కదలకుండా ఉండిపోయిందా అన్నది అక్కడే తేలుతుంది. కెమెరా వేయకముందే సీటీ, ఎమ్మారై తీయించడం సరైన వరస కాదని అదే పత్రం చెబుతుంది.

కెమెరాలో అంతా బాగానే ఉందన్నారు, మాట మాత్రం రావడం లేదు. అప్పుడు అడగాల్సింది స్ట్రోబోస్కోపీ. మాట్లాడేటప్పుడు స్వర తంత్రులు సెకనుకి వంద, రెండొందల సార్లు కంపిస్తాయి, మామూలు వెలుగులో ఆ కంపనం కంటికి ఆనదు. స్ట్రోబ్ దీపం దాన్ని నెమ్మదిగా జరుగుతున్నట్టు చూపిస్తుంది. తంత్రి పైపొర కింద మచ్చ కట్టి బిగుసుకుపోతే ఆ భాగంలో అల ఆగిపోవడం అందులోనే కనిపిస్తుంది. ఫంగస్ లోతుగా పట్టి వదిలినవారికీ, దీర్ఘకాలం వాపు ఉన్నవారికీ ఈ తేడా ముఖ్యం.

పొలమారడమే ప్రధాన బాధ అయితే దారి వేరు. ఇక్కడ రెండు పరీక్షలు పోటీ పడతాయి. ఒకటి ఫీస్. ముక్కులోంచి వేసిన కెమెరా గొంతులో ఉండగానే రంగు కలిపిన ద్రవం, మెత్తటి పదార్థం మింగిస్తారు. ఎక్స్‌రే అవసరం లేదు, గొంతు లోపలి చర్మం స్పష్టంగా కనిపిస్తుంది, మింగాక ఎంత మిగిలిపోయిందో తెలుస్తుంది. సరిగ్గా గుటక పడే క్షణంలో మాత్రం తెర తెల్లబడిపోతుంది. రెండోది వీడియోఫ్లోరోస్కోపీ. బేరియం కలిపిన పదార్థం మింగుతుంటే ఎక్స్‌రే వీడియో తీస్తారు. గుటక మొత్తం, అన్నవాహికలోకి దిగే దాకా కనిపిస్తుంది, కానీ చర్మం మీది పూత, పుండు కనిపించవు. ఫంగస్ తర్వాత వచ్చిన ఇబ్బందికి నేనైతే ఫీస్‌నే ముందు కోరుకుంటాను, ఒకే దెబ్బకి పూతా మింగుడూ రెండూ చూడొచ్చు కాబట్టి. గొంతులో అంతా శుభ్రంగా ఉండి ఇబ్బంది మిగిలితే రెండోది.

మింగితే ఛాతీలో నొప్పి అయినా, ముద్ద ఆగినా గ్యాస్ట్రో డాక్టర్. ఇక్కడ ఒక్కచోట మాత్రం పరీక్ష కన్నా మందు ముందు వాడి చూడటం తప్పు కాదు. నోట్లో పూత ఉండి, గుటక నొప్పి కూడా ఉంటే ముందు ఫ్లూకోనజోల్ ఇచ్చి చూడటం ప్రమాణమైన పద్ధతే. ఫంగసే అయితే సాధారణంగా వారంలోపే తేడా తెలుస్తుంది. తెలియకపోతే మందు పొడిగించడం కాదు, ఎండోస్కోపీ చేసి ముక్క తీసి పరీక్షకి పంపాలి.

మళ్ళీ యాంటీఫంగల్ ఎప్పుడు సరైనది?

లోపల ఫంగస్ ఇంకా ఉందని కంటితో చూసినప్పుడు. నోట్లోంచి దూది పుల్లతో తీసిన నమూనాలో క్యాండిడా పెరిగిందంటే అదొక్కటే రుజువు కాదు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న ఎంతోమంది నోళ్ళలో అది నిశ్శబ్దంగా ఉంటుంది.

ఉందని తేలితే, మందు ఏ చోటికి చేరుతుందన్నది ముఖ్యం. నిస్టాటిన్ ద్రవం, క్లోట్రిమజోల్ చప్పరించే బిళ్ళలు తాకిన చోట మాత్రమే పనిచేస్తాయి. నోటికి, గొంతు వెనక భాగానికి అవి చాలు, 7 నుంచి 14 రోజులు. నిస్టాటిన్ పేగుల నుంచి రక్తంలోకి దాదాపు వెళ్ళదు, అందుకే దానికి దుష్ఫలితాలు తక్కువ. ఇప్పుడు తంత్రులుండే స్వరపేటికని ఊహించుకోండి. మనం గుటక వేసిన ప్రతిసారీ అది మూత పడుతుంది, లేకపోతే తాగిన ప్రతి చుక్కకీ పొలమారేది. మింగిన ద్రవం తంత్రులకి తగలకుండా ఉండేలాగే శరీరం తయారైంది. కాబట్టి తంత్రుల మీద ఫంగస్ ఉంటే పుక్కిలింత మందు చాలదు, రక్తంలోంచి చేరే ఫ్లూకోనజోల్ లాంటిదే కావాలి. అన్నవాహికలో ఉన్నా అంతే. అక్కడ పెద్దలకి మామూలుగా రోజుకి 200 నుంచి 400 మిల్లీగ్రాములు, 14 నుంచి 21 రోజులు వాడతారు. గొంతుకి 100 నుంచి 200, 7 నుంచి 14 రోజులు. మీది నిజానికి అన్నవాహిక దాకా పాకిన ఫంగస్ అయ్యుండి, నోటికి సరిపడే కోర్సు మాత్రమే పడి ఉంటే మధ్యలో ఆగిపోయినట్టే. ఈ ఒక్క సందర్భంలో రెండో కోర్సుకి అర్థముంది.

సరైన మోతాదులో వాడినా ఫంగస్ కనిపిస్తూనే ఉంటే అది ఏ జాతో తేల్చాలి. క్యాండిడా క్రూసీ అనే రకానికి ఫ్లూకోనజోల్ పుట్టుకతోనే పనిచేయదు, గ్లాబ్రాటా రకానికి తరచుగా తక్కువ పనిచేస్తుంది. అప్పుడు ఇట్రాకొనజోల్ ద్రవం, పొసకొనజోల్, వొరికొనజోల్ లాంటివి వరసలోకి వస్తాయి. ఇవన్నీ సొంతంగా కొని వేసుకునేవి కావు. ఫ్లూకోనజోల్‌ని కూడా చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, అది నాకు భయం కలిగిస్తుంది. రక్తం పలచబడే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం, కొన్ని షుగర్ మాత్రలతో కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవడం, కొలెస్ట్రాల్ మాత్ర సిమ్వాస్టాటిన్‌తో కలిస్తే కండరాలు దెబ్బతినడం, కొందరిలో గుండె లయ తప్పడం జరగవచ్చు. నోట్లో రాసుకునే మైకోనజోల్ జెల్ కూడా వార్ఫరిన్‌తో పడదు. గర్భవతులు మాత్ర వేసుకునే ముందు తప్పకుండా చెప్పాలి.

ఫంగస్ పదేపదే వస్తుంటే మందు మార్చడం కన్నా, అది ఎందుకు వస్తోందో చూడటం మేలు. షుగర్ పరీక్ష, హెచ్‌ఐవీ పరీక్ష, ఈమధ్య వాడిన యాంటీబయాటిక్స్, నోరు ఎండిపోవడం, రాత్రి తీయకుండా పడుకునే కట్టుడు పళ్ళు. అన్నవాహికలో అయితే ఇంకోటి. అకలేషియా అనే జబ్బులో అన్నవాహిక అడుగు తెరుచుకోక తిన్నది నిలవ ఉండిపోతుంది, ఆ నిలవ మీద ఫంగస్ పెరుగుతుంది. అక్కడ మింగలేకపోవడానికి ఫంగస్ కారణం కాదు, మింగలేకపోవడమే ఫంగస్‌కి కారణం.

ఇన్హేలర్ వాడేవారికి

ముందే చెప్పేస్తాను, గొంతు కోసం ఇన్హేలర్‌ని మీ అంతట మీరు ఆపేయకండి. ఆయాసం ముదిరితే ప్రాణం మీదికొస్తుంది, గొంతు దాని తర్వాతే.

స్టెరాయిడ్ ఇన్హేలర్ రెండు రకాలుగా గొంతుని దెబ్బతీస్తుంది. ఒకటి ఫంగస్‌కి చోటివ్వడం. రెండోది, ఫంగస్ అసలు లేకుండానే తంత్రుల కండరాన్ని బలహీనపరచడం. అప్పుడు తంత్రులు విల్లులా వంగి, మధ్యలో సందు మిగిలి, మాట గాలిగాలిగా వస్తుంది. నా గొంతులో చివరికి కనిపించింది ఇదే. ఫంగస్ జాడే లేదు. మూడో కోర్సు మాత్రలు నేను లేని శత్రువు మీద వాడాను.

ఎంపికలు మూడు. స్ప్రేలా కొట్టే ఇన్హేలర్ అయితే స్పేసర్, అంటే ఇన్హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టే గొట్టం, తగిలించడం. దానివల్ల నోట్లో, గొంతులో పడే మందు బాగా తగ్గుతుంది. పొడి రూపంలో పీల్చే ఇన్హేలర్లకి స్పేసర్ పెట్టడానికి కుదరదు, కాబట్టి పొడి నుంచి స్ప్రే ప్లస్ స్పేసర్‌కి మారడం ఒక దారి. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాకే చురుకయ్యే సిక్లెసోనైడ్ లాంటి మందుకి మారడం రెండోది. ఆయాసం అదుపులో ఉంటే డాక్టర్ సలహాతో మోతాదు తగ్గించడం మూడోది. ఏది ఎంచుకున్నా పీల్చాక నోరు కడగడం మానకూడదు. నోట్లో నీళ్ళు తిప్పి ఉమ్మేస్తే సగం పనే, తల వెనక్కి వంచి గొంతులో పుక్కిలించి ఉమ్మాలి. పళ్ళు తోముకునే ముందు ఇన్హేలర్ పెట్టుకుంటే ఈ అలవాటు దానంతటదే కుదురుతుంది.

గ్యాస్ మాత్రల సంగతి

గొంతు బొంగురు అనగానే ఎసిడిటీ అని ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ రాయడం చాలా మామూలైపోయింది. గొంతులోకి చూడకుండా, ఒక్క బొంగురు మాటనే ఆధారం చేసుకుని వీటిని ఇవ్వొద్దని పైన చెప్పిన మార్గదర్శకాలే అంటున్నాయి. పైగా ఆమ్లాన్ని అణిచే మందులు అన్నవాహికలో క్యాండిడా పెరగడానికి దోహదపడే వాటిలో ఒకటి. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు నిజంగా ఉంటే వాడండి. లేకపోతే ఎందుకు వాడుతున్నారో అడగండి.

ఫంగస్ పోయి, మాట మిగిలితే: విశ్రాంతా, థెరపీనా, సర్జరీనా?

గొంతు నొప్పిగా ఉన్నన్నాళ్ళూ మనం తెలియకుండానే మెడ, దవడ, గొంతు కండరాలు బిగించి మాట్లాడతాం. వాపు తగ్గినా ఆ బిగువు అలవాటుగా ఉండిపోతుంది. కాలు బెణికి మానాక కూడా కుంటినట్టే. దీనికి ఏ మాత్రా లేదు, వాయిస్ థెరపీ ఉంది. సాధారణంగా వారానికొకటి చొప్పున నాలుగు నుంచి ఎనిమిది సెషన్లు, ఇంట్లో రోజూ సాధన.

చాలామంది ముందు పూర్తి మౌనం పాటిస్తారు. తంత్రుల మీద సర్జరీ జరిగినప్పుడు కొద్ది రోజుల మౌనం సరే. ఈ బిగువుకి మాత్రం వారాల తరబడి మౌనం పనికిరాదు, మళ్ళీ నోరు విప్పగానే అదే పాత పద్ధతి తిరిగొస్తుంది. గుసగుసలాడటం ఇంకా మోసం. గొంతుకి విశ్రాంతి ఇస్తున్నామనుకుంటాం కానీ, బలవంతపు గుసగుస చాలామందిలో స్వరపేటికని ఇంకా బిగించేస్తుంది. దానికన్నా దగ్గర కూర్చుని, మెల్లగా, మామూలు గొంతుతో మాట్లాడటం నయం.

థెరపీలో నాకు బాగా పనికొచ్చింది సన్నటి గొట్టంతో చేసే సాధన. స్ట్రా పెదాల మధ్య పెట్టుకుని, బుగ్గలు బిగించకుండా "ఊ" అంటూ కింద నుంచి పైకి, పై నుంచి కిందకి స్వరం జార్చాలి. కావాలంటే స్ట్రా చివర నీళ్ళలో ముంచి బుడగలు తెప్పిస్తూ చేయొచ్చు. నోటి దగ్గర దారి సన్నబడటంతో లోపల గాలి కాస్త వెనక్కి నెట్టి, తంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా తేలిగ్గా కంపిస్తాయి. రోజుకి ఐదారుసార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు చేశాను. మొదటి రెండు వారాలు ఏ తేడా లేదు, ఏడుపొచ్చింది. మూడో వారంలో ఒక రోజు సాయంత్రం ఫోన్ పెట్టేశాక గమనించాను, పావుగంట మాట్లాడినా గొంతు పట్టేయలేదని. గొంతు సవరించుకోవాలనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్ళు తాగి గట్టిగా గుటక వేయమన్నారు. వినడానికి చాలా చిన్న సంగతి, నాకు మాత్రం అన్నిటికన్నా కష్టమైన అలవాటు మార్పు అదే.

తంత్రుల మధ్య సందు పెద్దగా ఉండి థెరపీతో పూడకపోతే హైలురోనిక్ ఆమ్లం లాంటిది సూదితో ఎక్కించి తంత్రిని ఉబ్బించే పద్ధతి ఉంది. కొన్ని నెలల్లో అది కరిగిపోతుంది, కాబట్టి శాశ్వత సర్జరీకి ముందు సరిపడుతుందో లేదో చూసుకోవడానికి మంచిది. మచ్చ కట్టిన తంత్రికి మాత్రం ఏ సర్జరీ అయినా పాత గొంతుని పూర్తిగా తెస్తామని మాట ఇవ్వలేదు. ఎవరైనా ఇస్తే ఇంకో డాక్టర్‌ని కూడా అడగండి.

మింగడానికి

ఇరుకైన అన్నవాహికకి ఎండోస్కోపీలోనే సాగదీసే చికిత్స ఉంది, చాలామందికి బాగా పనిచేస్తుంది, కొందరికి మళ్ళీ చేయాల్సొస్తుంది. గొంతు భాగంలో ఇబ్బందికి స్పీచ్ థెరపిస్ట్ దగ్గర మింగుడు సాధన.

ఇంట్లో ప్రయోగాలు చేసేవారికి ఒక్క మాట. గడ్డం ఛాతీకి ఆనించి మింగితే పొలమారదని ఎవరో చెబుతారు. అది కొందరికి మేలు, కొందరికి కీడు, పరీక్షలో చూశాకే చెప్పగలరు. ద్రవాల్ని చిక్కబరిచే పొడులూ అంతే. పొలమారడం తగ్గవచ్చు, కానీ తాగబుద్ధి కాక ఒంట్లో నీళ్ళు తగ్గిపోయేవారున్నారు. పదార్థాల చిక్కదనానికి 0 నుంచి 7 వరకు మెట్లున్న ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ కొలమానం ఉంది. మీకు ఏ మెట్టు సరిపోతుందో పరీక్ష చేసినవారిని అంకె చెప్పమనండి. "మెత్తగా తినండి" అన్న సలహా ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది.

ఆగకూడని సందర్భాలు

ఊపిరి తీసుకుంటే కూత, నీళ్ళు కూడా దిగకపోవడం, ముద్ద ఇరుక్కుని ఉమ్మి కూడా మింగలేకపోవడం, ఇవి అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి వెళ్ళాల్సినవి. తెలియకుండా బరువు తగ్గడం, రక్తం పడటం, మెడలో గడ్డ, ఒక పక్క చెవి నొప్పి, పదేపదే న్యుమోనియా, పొగాకు అలవాటు ఉండి మాట మారడం, వీటికి 4 వారాల లెక్క వర్తించదు. తంత్రుల మీది ఫంగస్ మచ్చా, క్యాన్సర్ తొలి మచ్చా కంటికి ఒకేలా కనిపించవచ్చు. ముక్క తీసి పరీక్షించినా కొన్నిసార్లు పొరబడేంత పోలిక ఉంటుంది. అందుకే మందు వాడాక ఆ మచ్చ పోయిందని మళ్ళీ కెమెరాలో చూసి నిర్ధారించుకోవాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు

రెండు చిన్న ప్రశ్నావళులు నింపి తీసుకెళ్ళండి. మింగడానికి ఈట్-10, మాటకి వీహెచ్ఐ-10. రెండిట్లోనూ పదేసి ప్రశ్నలు, మొత్తం 40కి. మొదటిదాంట్లో 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ, రెండోదాంట్లో 11 దాటినా మామూలు కాదని లెక్క. చికిత్స ముందూ తర్వాతా ఈ అంకెలు పోల్చుకుంటే "కొంచెం నయమే అనుకుంటా" అన్న అయోమయం ఉండదు. వాడుతున్న మందులన్నీ, ఇన్హేలర్ సహా, ఒక కాగితం మీద రాసుకోండి. ఒకే నాలుగు వాక్యాలు రోజూ ఒకే వేళకి ఫోన్‌లో రికార్డు చేయండి.

ఇంత చేశాక కూడా మళ్ళీ అదే మాత్ర రాస్తే, చీటీ అందుకునే ముందు మర్యాదగా అడగండి: "డాక్టర్ గారూ, ఫంగస్ ఇంకా ఉందని ఎక్కడ కనిపించింది? పది రోజుల్లో తగ్గకపోతే తర్వాత ఏం చేద్దాం?"